కోడలు వద్దన్న మోటార్లు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి నేను దాచను, దాచినా దాగదు. ముప్పై ఏళ్ళుగా కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే షాపు నడుపుతున్నాను. వీధిలో వాళ్ళు నన్ను టపాకాయ అంటారు, నా ముందు కాదులెండి. అలాంటి నాకు నోట్లో నాలుక లేని కోడలు దొరికింది.

వచ్చి ఐదు నెలలైంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా నాకు ఎదురు చెప్పలేదు. నేను తాన అంటే తను తందాన. బీరువా ఈ గోడకు జరుపుదామంటే "సరే అత్తయ్యా". వారం తిరక్కుండా ఆ గోడకు జరుపుదామంటే "అలాగే అత్తయ్యా". చూసినవాళ్ళంతా నా అదృష్టమన్నారు. నాకు మాత్రం ఇంట్లో ఎవరో చుట్టం దిగినట్టుండేది. పాపం, ఆ పిల్ల పిన్ని దగ్గర పెరిగిందట. 'వద్దు' అన్నప్పుడల్లా పెట్టె సర్దుకోమనేవారట. మావాడు చెప్పాడు. అప్పటినుంచీ నాకు ఒకటే పట్టుదల, ఈ పిల్ల నాతో ఒక్కసారి పోట్లాడాలి. అప్పుడుగానీ ఇది తన ఇల్లని తనకు నమ్మకం కుదరదు.

ఇంత మెతక మనిషి చేస్తున్నదేమిటయ్యా అంటే, కొట్లాడే రోబో! బరిలోకి రెండింటిని వదులుతారట, ఒకటి కదలకుండా పడేదాకా కొట్టుకుంటాయట. ఐదు కిలోలు మించకూడదట. పోటీ వారంలో ఉంది. వెనక గదిలో బల్ల వేసుకుని, అల్యూమినియం రేకుతో పెట్టె చేసింది. దానికి ముందు గిర్రున తిరిగే ఉక్కు బ్లేడు పెట్టింది. ఆ బ్లేడుకు మూడు నెలలు తన చేత్తోనే ఆకురాయి పట్టింది. ఇక చక్రాలు తిప్పే రెండు మోటార్లే మిగిలాయి.

మోటారు అన్నాక నేను ఊరుకుంటానా? షాపు నుంచి రెండు కారు వైపర్ మోటార్లు తెచ్చి బల్ల మీద ధన్‌మని పెట్టాను.

"ఇవి బిగించు. ఏనుగును కట్టినా లాగుతాయి."

కోడలు వాటిని చూసింది. బల్ల సొరుగు వైపు ఒకసారి చూసింది. "సరే అత్తయ్యా," అంది.

నిజం చెప్పొద్దూ, అవే మంచివని నేను మనసారా నమ్మాను. చేతికి బరువు తగలని మోటారు నా లెక్కలో మోటారే కాదు.

ఆదివారం పొద్దున తూకం వేశాం. మావాడు ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో మేమిద్దరమే. కాటా ఐదు కిలోల ఎనిమిది వందలు చూపించింది. కోడలు స్క్రూడ్రైవర్ తీసుకుని బ్లేడు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"బ్లేడూ, దాన్ని తిప్పే మోటారూ తీసేస్తే ఎనిమిది వందల యాభై తగ్గుతుంది అత్తయ్యా. సరిపోతుంది."

"బ్లేడు లేకుండా దేంతో కొడతావు?"

"ఊరికే గుద్దుకుంటూ పోతాను."

మూడు నెలల కష్టాన్ని నా మాట కోసం ఊడదీస్తోంది! ఏడుపొచ్చింది నాకు. కానీ నాకు ఏడుపొచ్చినా పైకి కోపంలాగే వస్తుంది. గబుక్కున ఆ సొరుగు లాగాను. లోపల గుడ్డలో చుట్టి రెండు మోటార్లున్నాయి. బొటనవేలంత లావు, ముందు చిన్న గేర్‌బాక్సు, వైర్లు కూడా అప్పటికే అతికించేసింది.

"ఇవా? ఎదుటివాడు ఒక్క తోపు తోస్తే ఆగిపోతాయి. ఆగాయంటే కాలిపోతాయి. పారెయ్!" అంటూ చెత్తబుట్ట వైపు చెయ్యి చాపాను. పారేసేదాన్ని కాదు, ఒట్టు.

"పెట్టండి అక్కడ!"

ఎవరు అరిచారా అని వెనక్కి చూశాను.

"అవేం ఆగవు! ఇంత తేలిక బండికి మోటారు ఆగకముందే చక్రాలు జారతాయి. చక్రం జారుతుంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది. తిరిగే మోటారు ఎక్కడైనా కాలుతుందా? ముప్పై ఏళ్ళు చుట్టారు, ఆ మాత్రం తెలీదా? మీ వైపర్లు నిమిషానికి అరవై చుట్లు! అవతలివాడు వచ్చి కొట్టి, వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ కొట్టినా మనం ఇంకా మలుపు తిరుగుతూనే ఉంటాం. అవి వద్దు. వద్దంటే వద్దు. ఇది నా రోబో!"

ఆహా! నా ప్రాణం లేచొచ్చింది. పైగా అన్నదాంట్లో తప్పు లేదు. నా దగ్గరికి కాలి వచ్చేవి చాలావరకు ఎక్కడో బిగుసుకుని, తిరగలేక కాలినవే. మెచ్చుకుందామని నోరు తెరిచేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయింది. స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. నేను ఒక్కదాన్నే నిలబడి నవ్వుకుంటున్నాను. ఇంతలో గదిలోంచి సూట్‌కేసు జిప్పు చప్పుడు వినిపించింది.

పరిగెత్తాను. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది, అందులో నాలుగు జతల బట్టలు.

"ఎక్కడికే?"

"మీరు పొమ్మనేలోపే..."

నా నవ్వు ఎగిరిపోయింది. బట్టలు తీసి అవతల పడేసి, సూట్‌కేసు మూసి దాని మీద కూర్చున్నాను. నేను తేలిక మనిషిని కాను.

"పొమ్మనడానికి ఇదేమన్నా మీ పిన్ని ఇల్లనుకున్నావా? పోట్లాట మొదలెట్టి మధ్యలో వదిలేసి పోతావా? ఇంకా నా వంతు రాలేదు! ఐదు నెలల నుంచి నీ నోట ఒక్క 'వద్దు' కోసం కాచుక్కూచున్నానే పిచ్చిమొహమా. నువ్వంటే నాకు ఇష్టమే, ఎంత తిట్టినా ఇష్టమే."

నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"మరి వైపర్లు?"

"షాపుకు పట్టుకుపోతాలే. నీ గేర్లు ప్లాస్టిక్‌వి అయితే మాత్రం నేనొప్పుకోను."

"స్టీలువే. చూడకుండా ఎందుకంటారు?"

"చూపించకుండా ఎందుకు దాచావు?"

"పారేస్తారని!"

"నేనా?"

"ఇందాక ఏం చేశారు?"



మధ్యాహ్నానికి చిన్న మోటార్లు బిగించాం. నాలుగు కిలోల నాలుగు వందలు, బ్లేడుతో సహా! హాల్లో వదిలితే కుర్చీల కిందనుంచి దూసుకుపోయింది. బ్లేడు ఆపించి, నా పనిముట్ల పెట్టె తెచ్చి దారికి అడ్డం పెట్టాను. దాన్ని గుద్ది, చక్రాలు అక్కడే గిరగిరా జారాయి. మోటార్లు మాత్రం ఆగలేదు. పట్టుకుని చూస్తే గోరువెచ్చగా ఉన్నాయంతే. ఓడిపోయాను బాబూ, ఇంత సంతోషంగా ఎప్పుడూ ఓడలేదు. ఐదు కిలోలకు ఇంకా మిగిలిన ఆరు వందల గ్రాములకు రేకు వెనక వేయాలని నేను, పక్కలకు వేయాలని తను, ఇద్దరం వీధికి వినిపించేలా వాదించుకున్నాం.

"గొంతు ఎండిపోయింది. టీ పెట్టనా?" అన్నాను.

"వద్దు," అంది రిమోట్ మీంచి తలెత్తకుండా. "మీ టీ నేను తాగలేను అత్తయ్యా. వచ్చిన రోజు నుంచీ కిటికీలో మొక్కకే పోస్తున్నాను."

నా టీని! నా ఒళ్ళు భగ్గుమంది.

"అయితే నువ్వే పెట్టుకో! నీ ఇంట్లో నీకు అడ్డెవరు?" అని అరిచాను.

లేచి వెళ్ళి పెట్టింది. నా కప్పులో పంచదార సగమే వేసింది. ఇదేమిటే అంటే, "మీకు అదే ఎక్కువ," అంది.