వాగు దాటని తీగ

నేను ఒక తీగచుట్టను. నాలుగు కిలోమీటర్ల పొడవు, లోపల వెంట్రుకంత సన్నని గాజుపోగులు. ఫ్యాక్టరీలోనే నా మీద ఊరి పేరు రాశారు: ఏనుగుగూడెం. ఆ ఊరికి ఇంటర్నెట్ మోసుకెళ్ళడమే నా బతుకు అనుకున్నాను.

లారీ నన్ను వాగు ఇవతలి ఊరు నేలమెట్లలో దించింది. మా కంపెనీ లైను అప్పటికి అక్కడిదాకానే వచ్చింది. అవతలి గూడెం వాళ్ళు పనిగట్టుకుని వచ్చి నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. తీగ తొందరగా రావాలని ఇంటికో మనిషి చొప్పున కదిలి, అడవిలో కర్రలు కొట్టి, మూడు రోజుల్లో స్తంభాలు పాతేశారు. ఆ తొందరే వాళ్ళ కొంప ముంచింది. స్తంభాలు చూసిన సర్వే ఉద్యోగి లైను వచ్చేసిందని రాసుకుపోయాడు. ఆ రాత చూసి ఆరోగ్యశాఖ వాళ్ళు, ఇక డాక్టరు ఫోన్లోనే చూస్తాడంటూ వారం వారం వచ్చే నర్సును మానిపించారు.

సరిగ్గా అప్పుడే టెలికాం నియంత్రణ సంస్థ ఉత్తర్వు వచ్చింది. లైను ఎవరు వేసినా పోటీదారులకూ చవగ్గా వాడుకోనివ్వాలట. నేలమెట్లలో పండగే పండగ. ఒకే లైను మీద ముగ్గురు ఆపరేటర్లు, ఒకరిని మించి ఒకరు చవక. మా కంపెనీకి మాత్రం ఒళ్ళు మండింది.

"కొండలు తవ్వేది మనం, తేరగా తినేది వాళ్ళూనా? పని ఆపేయండి" అన్నాడు ఇంజనీరు సుధాకర్.

ఎవరి మాటా కాదనలేను. పోటీ లేకపోతే కంపెనీ జనాన్ని పిండుతుంది. లాభం లేకపోతే వాగు దాటదు. ఈ రెండు ముక్కల మీద రాజధానిలో ఏడాదిపాటు వాదించుకున్నారు. ఏనుగుగూడెం వాళ్ళను మాత్రం ఎవరూ పిలవలేదు.

ఒక మధ్యాహ్నం ఆ ఊరి ఆశా కార్యకర్త సోములమ్మ తడిచీరతో పరుగున వచ్చి, నా పక్కన నిలబడి డాక్టరుకు వీడియో కాల్ చేసింది. కాన్పైన కాంతమ్మకు రక్తం ఆగడం లేదు.

"పేషెంటును చూపించమ్మా" అన్నాడు డాక్టరు.

"మడిసి వాగవతలుందండి. సిగ్నలేమో ఇక్కడుందండి. నన్నేం సెయ్యమంటారండి?"

ఆయన ఏదో చెప్పాడు. ఆమె వచ్చిన దారినే పరుగెత్తింది. ఆమె చేరేసరికే కాంతమ్మ పోయిందని మర్నాడు ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. నాకు ఏడవడం రాదు. వస్తే ఆపుకునేదాన్ని కాదు.

తర్వాత ఉత్తర్వు మార్చారు. కొత్త లైన్లను ఐదేళ్ళదాకా ఎవరితోనూ పంచుకోనక్కర్లేదట, దాంతో పెట్టుబడి పెరుగుతుందట. నిజంగానే పెరిగింది. నా మీదున్న ఊరి పేరు చెరిపేసి, లారీ ఎక్కించి, పట్నంలో ఒక కాలనీకి తెచ్చి కట్టారు. ఆ వీధిలో అప్పటికే మూడు తీగలున్నాయి.