పెద్దమ్మ సర్దిన వరస

డాక్టరు చెయ్యి చాచాడు. ఆ చేతిలో పడాల్సింది ఊపిరిగొట్టం. పడింది కట్టుగుడ్డ చుట్ట.

"ఇదేంటమ్మా?"

బల్ల మీదున్న తాపీమేస్త్రీ మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పెదాలు నీలమైపోతున్నాయి. కొత్త నర్సు ట్రాలీ పైఅర మళ్ళీ లాగింది. గొట్టాలుండాల్సిన చోట అన్నీ కట్టుగుడ్డలే. అవతలి మంచం దగ్గర్నుంచి తుపాను దూసుకొచ్చింది. ఆ వార్డులోనే జుట్టు నెరిసిన నర్సు ఆవిడ. ఆ పేరు నడక వల్ల వచ్చింది. కింది అర బర్రున లాగి గొట్టం అందించింది. మేస్త్రీ ఛాతీ కదిలింది. అందరి ప్రాణం కుదుటపడింది.

మేస్త్రీని ఆపరేషన్‌కి పంపాక డాక్టరు నిప్పులు కక్కాడు. ట్రాలీ సర్దిందెవరో తేలకపోతే సాయంత్రానికల్లా కొత్త పిల్లను వార్డు నుంచి పంపించేస్తానన్నాడు. తేల్చే పని హెడ్‌ నర్సు పెద్దక్క మీద పడింది.

పెద్దక్క అరలు ఒక్కొక్కటే తెరిచింది. రెండో అర దగ్గర ఆగిపోయింది. కట్టుగుడ్డలు పైన, గొట్టాలు కింద. గొట్టాల మూతులన్నీ ఎడమవైపుకి. ఇది పెద్దమ్మ వరస.

పెద్దమ్మ ఒకప్పుడు ఆ వార్డుని ఏలిన హెడ్‌ నర్సు. ఎడమచేతి వాటం మనిషి. "ముందు కారేదాన్ని ఆపవే, నీ ఏడుపు తర్వాత కారుద్దువుగాని" అని రక్తం మధ్యలోనే నవ్వించేది. ఎవరైనా చేతుల్లో పోయిన రోజున పెద్దక్కనీ తుపానునీ చెరోపక్కా కూర్చోబెట్టుకుని, మాటామంతీ లేకుండా ట్రాలీ అంతా దింపించి మళ్ళీ సర్దించేది. చివరి అర మూసేసరికి దుఃఖం కూడా ఏ మూలో సర్దుకునేది. తర్వాత ముగ్గురూ ఒకే గ్లాసు టీ వంతులేసుకుని తాగేవారు. ఎంత హాయిగా ఉండేవో ఆ గుక్కలు. పెద్దమ్మ పోయింది, అరల వరసా మారిపోయింది. ఆ పాత వరస తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు.

దుప్పట్ల గదిలో పెద్దక్క తుపానుని నిలదీసింది. అంత అనుభవం ఉండీ, నెపం పసిదాని మీదకి నెట్టి చోద్యం చూస్తున్నావా అని కడిగిపారేసింది. తుపాను తలెత్తకుండా అన్నీ వింది. చివరికి, డాక్టరుకి తన పేరే చెప్పెయ్యమంది.

ఆ ఒప్పుకోలు మరీ తేలిగ్గా ఉంది. పెద్దక్కకి అనుమానమొచ్చింది.

"నిజం చెప్పు. నువ్వేనా?"

"నన్నడక్కు అక్కా."

"అడుగుతున్నా."

"పొద్దున ఆ పాప పోయాక నువ్వెక్కడున్నావ్?"

పెద్దక్క పొద్దుటిని గుర్తుచేసుకోబోయింది. లారీ కింద పడిన పాప. మిగిలిన ఒక్క చెప్పునీ తల్లి చేతిలో పెట్టడం గుర్తుంది. ఆ తర్వాత చేతిలో టీ గ్లాసు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

"ట్రాలీ ముందు చతికిలబడి అంతా దింపి సర్దుతున్నావు. నీ మొహం చూస్తే పెద్దమ్మ పక్కనే ఉన్నట్టుంది. పిలవబుద్ధి కాలేదు. నువ్వు లేచాక మార్చేద్దామనుకున్నా, ఈలోపే మేస్త్రీ వచ్చాడు. నా పేరు చెప్పెయ్. చీవాట్లు నాకేం కొత్తా?"

పెద్దక్క ఆమె చేతిలోని దుప్పటి రెండో కొస పట్టుకుని మడత పూర్తిచేసింది. తిన్నగా డాక్టరు గదికి నడిచింది. గది బయట గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్న కొత్త పిల్లని తన పక్కకి లాక్కుంది.

"ఈ పిల్లకేం తెలియదు డాక్టరుగారూ. ట్రాలీ సర్దింది నేను."