అరగంట ఎవరిస్తారు?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుండగా తబితా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ రోజు జరగాల్సిన మీటింగ్ వాయిదా పడింది. కారణం రాయలేదు. ఇంతకుముందు కూడా ఇలాగే వాయిదా పడింది. ఆమె మెట్ల మధ్యలోనే ఆగిపోయేసరికి వెనక వస్తున్న కోచింగ్ పిల్లలు "మేడం, జర జరుగుండ్రి" అంటూ బ్యాగులు తగిలిస్తూ ముందుకు పోయారు.

తబితా పంజాగుట్టలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఇంజనీరు. అక్కడ డాక్టరు రోగి ఫైలు తెరవాలన్నా, నర్సు మందుల చార్టు చూడాలన్నా, కింద కౌంటర్లో బిల్లు కొట్టాలన్నా అందరూ ఒకే లాగిన్ గుండా లోపలికి పోవాలి. ఎవరెవరో, ఎవరికి ఏది చూసే హక్కుందో తేల్చేది ఒకే సాఫ్ట్‌వేరు. దాని బాగోగులన్నీ తబితావే. దాన్ని తయారుచేసిన కంపెనీ కిందటి నెల ఒక మెయిల్ పంపింది. సాఫ్ట్‌వేరులో ఒక లోపం బయటపడిందట. ఎక్కడో కూర్చున్నవాడెవడైనా, పాస్‌వర్డు తెలియకపోయినా, లాగిన్ పేజీకి ఒక రకం వంకర అభ్యర్థన పంపితే చాలు, సర్వర్ దాన్ని విప్పుకోలేక బిగుసుకుపోతుంది. దొంగతనం ఏమీ జరగదు. కానీ అసలు మనుషులెవరూ లోపలికి పోలేరు. ఆ లోపం పూడ్చే ప్యాచ్ కూడా మెయిల్‌తోనే వచ్చింది.

ప్యాచ్ వేయాలంటే లాగిన్‌ను అరగంట ఆపాలి. ఆ అరగంటే తబితాకు దొరకడం లేదు.

"డేటా ఏమైనా పోతుందా?" అని మొదటి మీటింగులోనే అడిగారు ఐటీ హెడ్డు రామ్మోహనరావు గారు.

"పోదు సార్. సర్వర్ పడిపోతది."

"పడిపోతే ఏంటమ్మా, మళ్లీ లేపుకుంటాం. నిన్నగాక మొన్న వచ్చిన మెయిల్‌కి ఇంత హడావిడెందుకు?"

ఆ తర్వాత ఆడిట్ వచ్చింది. ఆడిట్ అయ్యాక బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం వచ్చింది, జనం రద్దీలో క్యాజువాలిటీకి కేసులెక్కువొస్తాయి, ఈ వారం దేన్నీ ముట్టుకోవద్దన్నారు. చివరికి ఒక ఆదివారం పొద్దున ఇస్తామన్నారు. తబితా చర్చికి పోలేదు. పాటలు మొదలుపెట్టే పని తనదే కాబట్టి పాస్టరుగారికి నచ్చజెప్పుకుని, ఆసుపత్రికి వచ్చి సర్వర్ గదిలో కూర్చుంది. ఆరాధన అయిపోయే వేళకు రామ్మోహనరావు గారి ఫోన్ వచ్చింది. "డైరెక్టరు గారి బంధువులెవరో అడ్మిట్ అయ్యారమ్మా. ఇవాళ వద్దులే."

ఇంటికి వచ్చి చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూలబడితే భర్త మార్క్ అడిగాడు. "నీకొక్కదానికే ఎందుకింత ఫికర్? చెప్పినవు, వాళ్లు వినలే. అయిపాయె."

"రేపు పడిపోతే లేపుమని నన్నే అంటరు, మార్క్."

అన్నట్టే అయింది. మీటింగ్ వాయిదా పడిన ఆ పొద్దునే, ఓపీ ముందు జనం గుమిగూడిన వేళ, తబితా ఇంకా కుర్చీలో కూర్చోకముందే విక్రమ్ పరుగెత్తుకొచ్చాడు. విక్రమ్ ఆమెతోపాటు పనిచేసే ఇంజనీరు, వయసులో చిన్నవాడు.

"అక్కా, లాగిన్ పడిపోయింది. ఎవ్వలు లోపలికి పోతలేరు."

రీస్టార్ట్ చేశారు. లేచింది. జనం లోపలికి పోయారో లేదో మళ్లీ పడిపోయింది. సర్వర్‌కు వచ్చినవన్నీ నమోదయ్యే లాగ్‌ను తబితా తెరిచి చూసింది. మెయిల్‌లో చెప్పిన ఆ వంకర అభ్యర్థనే. అది వస్తున్న ఇంటర్నెట్ అడ్రసును ఆపితే ఇంకో అడ్రసు నుంచి వచ్చింది, దాన్నీ ఆపితే మరొకటి. పంపేవాడెవడో, ఈ ఆసుపత్రే ఎందుకు దొరికిందో తెలిసే దారి లేదు. రామ్మోహనరావు గారు ఫోన్‌లో "రీస్టార్ట్ చెయ్యండి, రీస్టార్ట్ చెయ్యండి" అంటూనే ఉన్నారు. ఈ మాట కోసమేనా నెలరోజులు ఆయన చుట్టూ తిరిగింది అనుకుంది తబితా. ఫోన్ పెట్టేసింది.

పెట్టేసిందో లేదో మళ్లీ మోగింది. ఈసారి మూడో అంతస్తు నుంచి హెడ్ నర్సు కుసుమకుమారి. అరుస్తోంది. తబితా మెట్లెక్కి పైకి పోయింది.

వార్డులో నర్సులు ఫోన్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. కుసుమకుమారి ఒక మంచం పక్కన ఇంజెక్షన్ ట్రేతో నిలబడి ఉంది. మంచం మీద పడుచుపిల్ల జ్వరంతో మూలుగుతోంది.

"ఈ పిల్లకు పెన్సిలిన్ పడతదో పడదో చార్టుల ఉన్నది. చార్టు తెరుచుకుంటలేదు. వాళ్లమ్మకు ఏం తెల్వదంటున్నది. సూది పొడువుమంటవా, ఆగుమంటవా? మీరు కింద ఏసీల కూసొని ఏం చేస్తున్నరు?"

నెలనుంచి నేను అడగలేదా, అడుక్కోలేదా అని అరవాలనిపించింది తబితాకు. కానీ ఆ ట్రే వైపు చూసి మింగేసింది.

"సిస్టర్, ఒక మాట వినుండ్రి. నేను రీస్టార్ట్ చేస్తే కొద్దిసేపు తెరుచుకుంటది, మళ్లీ పడతది. ఆ కొద్దిసేపట్ల అన్ని వార్డులల్ల కావాల్సినయన్నీ చూసి కాయితాల మీద రాసుకోగలరా? తర్వాత నేనే అరగంట బంద్ పెడత. ఆ అరగంట ఇస్తే ఇగ పడకుండ చేస్త. లేకుంటే పొద్దుగూకేదాక ఇదే కథ."

కుసుమకుమారి ఆమె మొహంలోకి చూసింది. "అరగంటేనా?"

"అరగంటే."

"ఐసీయూకి, ఆపరేషన్ థియేటర్‌కి నేను చెప్త. అందరు పెన్నులు పట్టుకున్నంక నీకు ఫోన్ చేస్త. అప్పుడు లేపు."

కిందికి వచ్చి సంగతి చెబితే విక్రమ్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, అప్రూవల్ లేదు కదా. ఉద్యోగం మీదికొస్తది."

"నా లాగిన్‌తోనే చేస్త. నీ పేరు ఎక్కడ రాదు. కావాలంటే చాయ్‌కి పో."

విక్రమ్ పోలేదు. కుర్చీ లాక్కుని ఫోన్ పక్కన కూర్చున్నాడు. "ఫోన్లు నేనెత్తుత. నువ్వు పని చూస్కో."

కుసుమకుమారి నుంచి ఫోన్ వచ్చింది. తబితా సర్వర్‌ను లేపింది. పైన అన్ని అంతస్తుల్లో ఒకేసారి చార్టులు తెరుచుకున్నాయి. మళ్లీ బిగుసుకుపోయే లోపల కుసుమకుమారి ఇంకోసారి ఫోన్ చేసి "దొరికింది బిడ్డా. ఆ పిల్లకు పెన్సిలిన్ పడదంట. వేరేది ఇస్తున్నం. ఇగ నువ్వు కానియ్యి" అంది.

తబితా లాగిన్ ఆపేసి ప్యాచ్ మొదలుపెట్టింది. సగంలో ఉండగా రామ్మోహనరావు గారు రొప్పుకుంటూ గదిలోకి వచ్చారు.

"ఇంకా లేపలేదేంటి? ఏం చేస్తున్నారు?"

"ప్యాచ్ వేస్తున్న సార్."

"ఎవరు చెప్పారు మీకు? ఆపండి ముందు!"

"ఇప్పుడు ఆపితే పాతది ఉండదు, కొత్తది రాదు సార్. టైం వార్డుల వాళ్లే ఇచ్చిన్రు. కుసుమకుమారి సిస్టర్‌ను అడుగుండ్రి."

ఆయన అడగలేదు. తబితా కుర్చీ వెనక నిలబడి ఆమె మెడ మీద శ్వాస తగిలేంత దగ్గరగా స్క్రీన్ చూస్తూ ఉండిపోయారు. అలా వెనక నిలబడితే తబితాకు ఒళ్లుమండుతుంది. అయినా తల తిప్పలేదు. పని ముగిసి సర్వర్ లేచింది. వంకర అభ్యర్థనలు ఇంకా వస్తూనే ఉన్నాయి, కానీ సర్వర్ ఒక్కొక్కదాన్నీ తిప్పికొడుతోంది. ఓపీ కౌంటర్లో ప్రింటర్లు మొదలయ్యాయని విక్రమ్ ఫోన్ పట్టుకునే చెప్పాడు. రామ్మోహనరావు గారు బయటికి పోయారు.

మర్నాడు మెమో వచ్చింది. అనుమతి లేకుండా సర్వర్‌ను ఆపినందుకు సంజాయిషీ ఇవ్వాలట. అంతరాయానికి కారణం అన్నచోట కూడా తబితా పేరే ఉంది. దాన్ని రెండుసార్లు చదివి, పట్టుకుని మూడో అంతస్తుకు పోయింది. నెలరోజుల సంగతంతా చెప్పి, సంజాయిషీతో పెట్టడానికి ఒక కాయితం రాసిమ్మని కుసుమకుమారిని అడిగింది.

"రాసిస్త, ఎందుకియ్య?" అంది కుసుమకుమారి. "కానీ తబితా, నెల సంది తిరుగుతున్ననంటివి. మధ్యాహ్నం అన్నాలయి, మందులిచ్చినంక మా వార్డులల్ల పెద్దగ పనుండది. నన్నడిగితే ఎప్పుడో ఇస్తుంటి కదా అరగంట."

ఇన్ని మీటింగుల్లో ఒక్కదానికైనా నర్సులను పిలవలేదు. పిలవాలని తబితాకూ తట్టలేదు. రామ్మోహనరావు గారి మీద ఉన్న కోపంలో సగం తన మీదికి తిరిగింది. మిగతా సగం మాత్రం తగ్గలేదు.

సోమాజిగూడలో అదే యాజమాన్యానికి ఇంకో ఆసుపత్రి ఉంది. అక్కడా అదే సాఫ్ట్‌వేరు, అదే లోపం. దాని సంగతి అడిగితే వచ్చే మీటింగులో పెడదామన్నారు రామ్మోహనరావు గారు. ఆ మధ్యాహ్నం తబితా ఎండలో సోమాజిగూడకు నడిచింది. అక్కడి హెడ్ నర్సును కలిసి, ఎప్పుడు ఆపితే ఇబ్బంది ఉండదో కనుక్కుని, ఆమెతోనే ఒక కాయితం మీద సంతకం పెట్టించుకుని వచ్చి ఆయన టేబుల్ మీద పెట్టింది.

ఆయన దాన్ని చదివారు. "మీటింగ్ లేకుండా ఎలా అమ్మా?"

"మళ్లీ పడితే మీరే చెప్పుకోవాలె సార్ డైరెక్టరు గారికి. నేను అడిగిన అని ఈసారి కాయితం ఉన్నది."

ఆయన విసురుగా సంతకం చేశారు. "మెమో మాత్రం వెనక్కి తీసుకోను."

"తీసుకోకుండ్రి సార్," అంది తబితా. కాయితం తీసుకుని, కోపం తగ్గకుండానే బయటికి వచ్చింది. విక్రమ్‌కు ఫోన్ చేసింది. "రేపు అన్నాలయినంక సోమాజిగూడ. నువ్వు గూడ రా."