తుప్పుకే చప్పట్లన్నీ

నాటక సమాజంలో ఆవిడను అందరూ కంచు అనేవారు. ఆవిడ గొంతు విప్పితే చివరి వరసలో కునికేవాడు కూడా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. అంతటి కంచుకు పెద్దవయసులో కడుపుమంట తెచ్చిపెట్టింది ఒక పాత బొమ్మల సీరియల్. అందులో ఒక రోబో. ఆ రోబోకు గొంతిచ్చింది ఎవరో పరాయి మనిషైనా బాగుండేది, స్వయానా ఆడపడుచు.

సీరియల్ పేరు 'గగన గస్తీ'. కంచు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, టైర్ల గోదాము పక్కన రెండు ఇరుకు గదుల్లో తీశారు దాన్ని. ఏ గ్రహానికి వెళ్ళినా అవే రాళ్ళు. వ్యోమనౌక ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే ఎగిరేది, తిప్పి గీయడానికి ఎవరికీ తీరిక లేదు. కెప్టెన్ బెల్టు గుమ్మానికి ఇవతల ఎరుపు, అవతల నీలం. ఆ కెప్టెన్‌కు కంచు గొంతిచ్చింది. ఒత్తు ఒత్తుగా, పొల్లు పొల్లుగా, నాటకంలో రాణి మాట్లాడినట్టు మాట్లాడింది.

తుప్పు అనే రోబోకు గొంతివ్వాల్సిన మనిషి ఆ రోజు రాలేదు. వదిన మరిచిపోయిన కళ్ళద్దాలు ఇచ్చిపోదామని వచ్చిన ఆడపడుచును పట్టుకుని మైకు ముందు నిలబెట్టారు.

"నాకు జలుబుగా ఉందండీ," అంది ఆ పిల్ల బిక్కమొహం వేసి.

"రోబోకి కావలసింది అదేనమ్మా!" అన్నాడు రికార్డింగు చేసేవాడు.

అలా మొదలైంది. సీరియల్ ఆగిపోయాక కంచు దాని ఊసే ఎత్తలేదు. ఎవరైనా అడిగితే "ఏదో పొట్టకూటికి చేశాం లెండి" అని మాట మార్చేది. ఆడపడుచు మాత్రం బట్టల కొట్టులో పని చేసుకుంటూ, అడిగిన పిల్లలందరికీ తుప్పు గొంతు వినిపిస్తూనే ఉండేది.

ఇన్నేళ్ళకు కొందరు కుర్రకారు ఆ పాత టేపులు వెతికి పట్టుకుని, గ్రంథాలయం కింది హాల్లో మధ్యాహ్నం ఆట వేస్తూ ఇద్దర్నీ పిలిచారు. కంచు పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపే అమ్మాయి ఆడపడుచును చూసి ఎగిరి గంతేసింది. తర్వాత కంచు వైపు తిరిగి, "మీరు తుప్పుగారి తాలూకానా అమ్మా?" అంది.

కంచుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆట మొదలైంది. ఆ రాళ్ళు రాగానే హాలంతా "వచ్చాయొచ్చాయి!" అని కేకలు. బెల్టు రంగు మారగానే ఈలలు. కంచు ఉండబట్టలేక పక్కనున్న కుర్రాడితో, "నోరు ఒకచోట, మాట ఒకచోట. ఏం చూసి మురిసిపోతున్నారు నాయనా దీన్ని?" అంది.

"అదే కదండీ మజా! చేతిలో ఏమీ లేకపోయినా ఆకాశమంత కథ చెప్పాలనుకున్నారు చూడండి. ఆ తెగువండీ," అన్నాడు వాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

సగం ఆట అయ్యేసరికి టేపులో శబ్దం పోయింది. నిర్వాహకుడు చేతులు జోడించి, మిగతా భాగానికి అమ్మలిద్దరూ ఇక్కడే గొంతివ్వాలన్నాడు. చప్పట్ల మధ్య ఇద్దరూ వేదికెక్కారు. చేతికి మైకులు, మాటల కాగితాలు ఇచ్చారు.

కెప్టెన్ బండల కింద చిక్కుకుపోయిన ఘట్టం అది. బండల కింద కెప్టెన్‌ను గీయలేక తెర మీద తుప్పును ఒక్కదాన్నే నిలబెట్టారు. తుప్పు పిలవాలి, కెప్టెన్ పలకాలి.

"కెప్టెన్! వినిపిస్తోందా?" అంది ఆడపడుచు ముక్కుతో. హాలు గొల్లుమంది.

కంచు పలకలేదు. మాట నోటి దాకా వచ్చింది, పళ్ళు బిగించి ఆపింది. 'ఇప్పుడు తడబడు. నటన రాని దానివని అందరూ చూడనీ' అనుకుంది.

తెర మీద బొమ్మ కదలదు. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఆడపడుచు వదిన వైపు ఒకసారి చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది.

"కెప్టెన్... తొందరేం లేదు. నాకు వేరే పని లేదు. ఇక్కడే ఉంటాను," అంది. కాగితంలో లేని మాట అది.

ఎవరో ముక్కు చీదారు. కంచు తలెత్తి చూసింది. రికార్డింగు రోజుల్లో ఆవిడ కళ్ళు ఎంతసేపూ కాగితం మీదే ఉండేవి, ఈ బొమ్మను నిదానంగా చూసిందే లేదు. కళ్ళ స్థానంలో రెండు చుక్కలు. చెవి పక్కన కుంచె వెంట్రుక ఒకటి రంగులో అతుక్కుపోయి ఉంది. ఏ కదలికా లేని ఆ బొమ్మ నిజంగానే ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టుంది.

"తుప్పూ... ఉన్నానే," అంది. గొంతు జీరపోయింది. ఒత్తూ లేదు, పొల్లూ లేదు.

హాలు దద్దరిల్లింది. అందరూ లేచి నిలబడి అరిచారు, "తుప్పూ! తుప్పూ!" అని.

జన్మలో అంత బాగా ఒక్క మాట పలికి ఎరగదు కంచు. చప్పట్లు మాత్రం తుప్పుకే.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"కావాలనే ఆగావు కదూ వదినా?" అంది ఆడపడుచు.

అబద్ధం చెబుదామనుకుంది కంచు. నోరు రాలేదు. "అవునే. నిన్ను చూస్తే ఒళ్ళు మండింది."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ మండుతోంది."

ఆడపడుచు పకపకా నవ్వింది. "వచ్చే ఆదివారం ఇంకో భాగం వేస్తారట. రమ్మన్నారు. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను."

"నీ దయాధర్మం మీద రావాలా నేను?"

"దయ కాదు వదినా. నువ్వు పలక్కపోతే నాకు నిజంగానే భయమేసింది. అందుకే ఆ మాట వచ్చింది."

కంచు మొహం అటు తిప్పుకుంది. అటే చూస్తూ, "ఆ భాగంలో నాకు మాటలెన్ని, దానికెన్ని?" అని అడిగింది.

"దానికే ఎక్కువ," అంది ఆడపడుచు.

"అదీ సంగతి!" అంటూ కంచు పట్టుచీర చెంగు విసురుగా భుజం మీదికి లాక్కుంది. "సరేలే, వస్తాను."