తాగని కాఫీ

రొట్టెల ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషన్ నఖ్లే అనే పనివాడి కుడిచేతిని మోచేతి దాకా నమిలేసింది. పక్కనే ఉన్న సింధుజ కళ్ళారా చూసింది. కడగడానికి ఆలస్యమవుతోందని దాని ఇనుప మూత నెల కిందటే పీకించారు. ఇప్పుడు నెత్తురు తుడిచి, సోమవారం నుంచి మళ్ళీ మూత లేకుండానే నడుపుతారట. దాని ముందు నిలబడాల్సింది నఖ్లే కూతురు సల్మా అట. ఎంత కండకావరం!

మెల్‌బోర్న్‌లోని ఆ ఫ్యాక్టరీలో సగం మంది లెబనాన్ కొండల అంచున ఐన్ రుమ్మాన్ అనే చిన్న ఊరివాళ్ళు. బాంబులకు ఇళ్ళు కూలితే వచ్చినవాళ్ళు. ఇక్కడా ఒక ఊరిలాగే బతుకుతున్నారు.

ఆదివారం వాళ్ళలో ఆరుగురు కలిసి కూలీల కాంట్రాక్టరు ఈశ్వరప్రసాద్ ఇంటికి బయల్దేరారు. "మీ మనిషే కదా, నువ్వుంటే వింటాడు," అని సల్మా సింధుజను వెంట తీసుకెళ్ళింది. కేరమ్ డౌన్స్ గుడిలో పరిచయమై సింధుజకు ఈ పని ఇప్పించింది ఆయనే.

ఆయన భార్య లలితకుమారి అందరికీ ఫిల్టర్ కాఫీ ఇచ్చింది. ఆరుగురూ కప్పులు ముట్టుకోలేదు.

"మూత పెట్టేదాకా మిషన్ ఆపండి," అన్నాడు వాళ్ళ పెద్ద జిర్జిస్.

ఈశ్వరప్రసాద్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"చల్లారిపోతోంది, తాగమ్మా సింధూ," అంది లలితకుమారి. పెద్దవాళ్ళు చేతికిచ్చిన కాఫీ ఎలా కాదంటుంది? తాగేసింది.

సల్మా ముఖం పాలిపోయింది. జిర్జిస్ లేచి నిలబడ్డాడు. "మాతో వచ్చిన మనిషి తాగింది. ఇక అడగలేం," అన్నాడు.

ఈశ్వరప్రసాద్‌కి ముక్క అర్థం కాలేదు. "గుడ్, గుడ్. రేపు డ్యూటీకి వచ్చేయండి," అన్నాడు.

బయటికొచ్చాక సల్మా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కోరిక అడగడానికి వెళ్ళినవాళ్ళు అది తీరేదాకా కాఫీ తాగరు. తాగితే కోరిక వదులుకున్నట్టే.

"ముందే చెప్పొచ్చు కదా!" సింధుజకు ఏడుపొచ్చేసింది.

"నువ్వు మా మనిషివే అనుకున్నాం. చెప్పాలని తోచలేదు."

సోమవారం పొద్దున్నే సింధుజ రెండు పెద్ద ఫ్లాస్కులతో గేటు దగ్గర నిలబడింది. వచ్చినవాళ్ళందరికీ కాగితం కప్పుల్లో కాఫీ పోసింది. అరవై మంది. ఎందుకు తాగకూడదో తెలియనివాళ్ళకి సల్మా చెప్పింది. ఎవరూ తాగలేదు, ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

ఈశ్వరప్రసాద్ కారు దిగాడు. "ఏంటమ్మా ఈ డ్రామా? నీ వీసా సంగతి గుర్తుందా?"

"ఉందంకుల్." చేతిలోని నిండు కప్పు ఎత్తి చూపించింది. "మూత పెట్టించండి. అప్పుడే తాగుతాం."

ఆయన పోలీసులకు ఫోన్ చేశాడు. ఇంతలో వెనక గేటు నుంచి కొత్త కూలీలు లోపలికి వెళ్ళారు. మిషన్ తిరుగుతున్న చప్పుడు వీధిలోకి వినిపించింది. సల్మా చెవులు మూసుకుంది. ఏం చెయ్యగలరు? నిలబడటం తప్ప ఏమీ చేతకాలేదు. అయినా నిలబడ్డారు.

పోలీసులు వచ్చి పొమ్మన్నారు. సింధుజ కదల్లేదు. ఆమె రెక్క పట్టుకున్నారు. అప్పుడే కొత్త కూలీల రెండో వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఒకామె తల బయటపెట్టింది. చొక్కా మీద మంగళ అని పేరు కుట్టి ఉంది.

"ఏమైందక్కా? ఎందుకు పట్టుకుపోతున్నారు?"

సింధుజ చెయ్యి చాచి తన కప్పు ఆమెకిచ్చింది.

"పట్టుకో చెల్లీ. తాగకు. ఎందుకో సల్మా చెప్తుంది, అంతా విను."

మంగళ కప్పు పట్టుకుని వ్యాను దిగింది.