నడిచొచ్చే బాత్రూం

సోమవారం పొద్దున ఏడూ పన్నెండుకి వెనింగ్‌కి మొదటిసారి కడుపులో తేడా చేసింది. టైం అంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, స్టాటిస్టిక్స్ సార్ ఏడూ పదికల్లా క్లాసు తలుపు గడియ పెట్టేస్తాడు. గడియ పడ్డ రెండు నిమిషాలకి, తడిబట్ట పిండినట్టు బొడ్డు కింద ఎవరో మెలిపెట్టారు.

తను బెంచీ మధ్యలో కూర్చునుంది. ఇటు నలుగురు, అటు నలుగురు. బయటికెళ్ళాలంటే నలుగుర్ని లేపాలి, గడియ తియ్యమని సార్‌ని అడగాలి. ఈ జోగ్జా ఊరివాళ్ళకి ఇంకొకర్ని కదపడమంటే ప్రాణం మీదికొచ్చినట్టే. దానికి ఇక్కడ సుంకన్ అని ఓ మాటుంది. మన వల్ల ఎదుటివాళ్ళకి ఇబ్బందేమోనన్న బెరుకు. ఆ బెరుకుతోనే బిగబట్టుకుని కూర్చుంది. రెండో మెలిక ఇంకా గట్టిగా పడింది.

అప్పుడొచ్చింది బాత్రూం. క్లాసులో వెనక గోడ పక్కన, నీలం రేకు తలుపుతో, గడప మీద తడి ఆరకుండానే వచ్చి నిలబడింది. వెనింగ్ ఉండే హాస్టల్లో పెరటివైపు బాత్రూం అది. సార్ బోర్డు నుంచి తల తిప్పి చూశాడు.

"ఎవరికోసం?"

వెనింగ్ చెయ్యెత్తింది. తొందరగా కానిమ్మని చెప్పి ఆయన మళ్ళీ లెక్కలో పడిపోయాడు. ఆ పక్క నలుగురూ మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చారు. తీరా తలుపు తోస్తే లోపల రెత్నో ఉంది, పక్కగది అమ్మాయి, తల నిండా షాంపూ నురగతో.

హాస్టల్ అంటే పెద్దదేం కాదు. ఏడు గదులు, పెరట్లో ఒక బాత్రూం, ముందువైపు ఇంటావిడ వాడుకునేది ఇంకొకటి. ఇంటావిడ పేరు పోనియెం. ఆడపిల్లలంతా బు పోనియెం అంటారు, బు అంటే అమ్మ. పెరటి బాత్రూం అలా తిరుగుతుందని ఆవిడ గదులు అద్దెకిచ్చేటప్పుడే చెప్తుంది. ఆవు మేతకెళ్ళి వచ్చినట్టు వచ్చేస్తుందిలే, కంగారు పడొద్దు, కానీ లోపల మేకుకి ఎప్పుడూ ఓ జత బట్టలు తగిలించి ఉంచుకోండి, అంటుంది. వాళ్ళత్తగారు పోయేముందు మూడేళ్ళూ ఆ బాత్రూం ఆవిడ వెనకాలే సంతకి కూడా వెళ్ళేదట. ఎవరి కడుపు బాధపడితే వాళ్ళ దగ్గరికి పోవడం దానికి అలవాటు.

ఆ సోమవారం నుంచి దానికి వెనింగే పని కల్పించింది. లైబ్రరీకొచ్చింది. సిటీ బస్సు వెనక సీటు దగ్గరికొచ్చింది. ఊరవతల కర్రపెండలం పొలంలో మట్టి నమూనాలు తీసుకుంటుంటే మొక్కల మధ్యకొచ్చింది. ఇక్కడ వెనింగ్‌కి సుఖంగా ఉన్నంతసేపూ అక్కడ హాస్టల్లో ఆరుగురు బకెట్లు పట్టుకుని, బాత్రూం ఉండాల్సిన చోట ఖాళీ నేల వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. రెత్నో అయితే మూడుసార్లు నురగతోనే యూనివర్సిటీకొచ్చింది.

"మీ డిపార్ట్‌మెంట్లో నాకూ ఓ డిగ్రీ ఇమ్మను," అంది ఓసారి రెత్నో. "క్లాసులన్నిటికీ వస్తూనే ఉన్నాను కదా."

అది వేళాకోళమే. కానీ వెనింగ్‌కి నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి తిండి మానేసింది. తినకపోతే కడుపు మాట్లాడదు, కడుపు మాట్లాడకపోతే బాత్రూం కదలదు, బాత్రూం కదలకపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. లెక్క బాగానే ఉంది, కడుపే ఒప్పుకోలేదు. ఖాళీగా ఉన్నప్పుడే ఇంకా గోల చేసేది. పొద్దంతా పస్తుండి, సాయంత్రం ఎవరో పెడితే కాదనలేక గొంతుదాకా తినేది. ఎవరైనా పెట్టింది వద్దనడం ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి చేతకాదు. కొన్నాళ్ళు అసలు విరేచనమే అయ్యేది కాదు, కొన్నాళ్ళు రోజుకి ఆరుసార్లు. స్నేహితులు ఊళ్ళు తిరగడానికి వెళ్తే జ్వరమని చెప్పి ఉండిపోయేది. జ్వరమని చెప్పడం తేలిక. పేగుల సంగతి ఎవరికి చెప్తాం?

అలా నాలుగేళ్ళు. పాఠాలన్నీ పాసైంది, థీసిస్ కూడా రాసేసింది, కర్రపెండలం తొక్కలతో ఎరువు తయారీ గురించి. ఇక మిగిలింది ముగ్గురు సార్ల ముందు కూర్చుని రెండు గంటలు జవాబులు చెప్పడం. ఆ రెండు గంటలే దాటలేకపోయింది. మొదటిసారి పరీక్షకి ఇచ్చిన రోజున తెల్లారేసరికి బాత్రూం ఆమె గది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది, రోజంతా కదల్లేదు. రెండోసారి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. ఏడేళ్ళలో డిగ్రీ పూర్తికాకపోతే రిజిస్టర్లోంచి పేరు తీసేస్తారు. ఇది ఏడో ఏడు. మూడోసారి తారీఖు ఇచ్చారు, ఆ తర్వాత ఇంకోటి లేదు.

ఇంకా ఆరు వారాలుందనగా రెత్నోయే ఆమె చెయ్యి పట్టుకుని స్టూడెంట్ల ఆస్పత్రికి లాక్కెళ్ళింది. "నీకోసం కాదే," అంది దారిలో. "నా జుట్టు కోసం."

డాక్టర్ తియాస్ అన్నీ అడిగింది. ఎన్నిసార్లు, ఎలా ఉంటుంది, వెళ్ళొచ్చాక నొప్పి తగ్గుతుందా, రక్తం పడుతుందా, బరువు తగ్గావా. ఇంత మామూలుగా, ఉల్లిపాయల ధర అడిగినట్టు ఎవరూ ఆమెని అడగలేదు. పరీక్షలు చేయించి, రిపోర్టులొచ్చాక కూర్చోబెట్టి చెప్పింది.

"పుండు లేదు, గడ్డ లేదు. దీన్ని ఐబీఎస్ అంటారు. పేగులకి కోపమెక్కువ, అంతే."

"అంటే నేను ఊహించుకుంటున్నానా, డాక్టరమ్మా?"

"నొప్పి నిజంగానే ఉంది కదా? మరి ఊహెలా అవుతుంది? మెదడూ పేగులూ పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉంటాయి. నువ్వు భయపడితే పేగులకి తెలుస్తుంది, అవి మూలిగితే నీకు భయమేస్తుంది."

ఓ నోట్‌బుక్ పెట్టమంది. ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు, ఆ రోజు మనసెలా ఉంది, కడుపేమంది. పస్తులు మానెయ్యమంది. కొంచెం కొంచెంగా, రోజూ అదే వేళకి తినమంది. సాయంత్రం అరగంట నడక. నొప్పి మొదలైతే కడుపు మీద చెయ్యేసి నిదానంగా ఊపిరి. ఓ మాత్ర కూడా రాసిచ్చింది. చివర్లో, పెన్ను మూత పెడుతూ, ఇంకోటి చెప్పింది. దాచడం ఆపెయ్యి. ఎక్కడ కూర్చున్నా ముందే ఓ మాట చెప్పెయ్యి, మధ్యలో లేవాల్సి రావచ్చని.

మిగతావన్నీ చెయ్యగలిగింది. నాలుగో వారానికి నోట్‌బుక్కే దారి చూపించింది. కొబ్బరిపాల కూరలు పడట్లేదు, ఐసు కాఫీ అస్సలు పడట్లేదు, అన్నిటికంటే ఆకలి పడట్లేదు. అన్నం, వేయించని తెంపే, అదే సోయా గింజలు పులియబెట్టి చేసిన అట్టు, ఉడకబెట్టిన గుమ్మడికాయ, అరటిపండు, వీటితో గొడవ లేదు. కొన్ని రోజులు ఏ తప్పూ చెయ్యకపోయినా నొప్పొచ్చేది, అదీ రాసుకునేది. బాత్రూం వారానికి రెండుసార్లే బయటికెళ్తోంది. హాస్టల్లో అమ్మాయిలు జుట్టుకి నూనెలు పెట్టుకోవడం మొదలెట్టారు. నోరు విప్పి చెప్పడం ఒక్కటే ఆమె వల్ల కాలేదు.

ఆ ఆఖరి తారీఖు రానే వచ్చింది. థీసిస్ పరీక్ష రోజున స్టూడెంటే సార్లకి భోజనం డబ్బాలు పట్టుకెళ్ళాలి. అలా రూలేం లేదు, కానీ తీసుకెళ్ళనివాళ్ళని ఎవరూ చూడలేదు. మంచి చోట నుంచే తెప్పించింది. అన్నం, కోడి, దాని పక్కన ఎర్రగా మెరిసే క్రెచెక్, అంటే ఎండబెట్టిన పశువు తోలుని కొబ్బరిపాలలో, గుప్పెడు మిరపకాయలతో ఉడికించిన కూర. కారం ఎక్కువ వెయ్యమని మరీ చెప్పింది. గౌరవం చూపించాలంటే రుచిలో లోపం ఉండకూడదు కదా. తను మాత్రం హాస్టల్లోనే అన్నమూ తెంపే తినొచ్చింది.

ముగ్గురు సార్లలో పెద్దాయన హర్జితో. ఆయన ప్రశ్న అడిగితే స్టూడెంట్లు తాము రాసింది తామే మర్చిపోతారని పేరు. ముఖం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. పదకొండేళ్ళుగా ఊరు దాటలేదట. సెమినార్లకీ పొలాలకీ పిలిచినా రాడు. మనుషులంటే గిట్టదనుకునేవాళ్ళంతా. ఆయన తన డబ్బా ఓ నిమిషం పాటు చూసి, వెనింగ్ వైపోసారి చూసి, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

వెనింగ్ నిలబడింది. స్లైడు వెయ్యాలి. కడుపులో చిన్నగా గురగుర. బిగబట్టుకుందామనుకుంది, నాలుగేళ్ళుగా చేస్తున్నట్టే. అంతలో నోరు దానంతటదే అనేసింది.

"సార్, ముందుగా ఓ మాట. నాకు పేగుల జబ్బుంది, ఐబీఎస్. మధ్యలో ఐదు నిమిషాలు బయటికెళ్ళాల్సి రావచ్చు. క్షమించండి."

మిగతా ఇద్దరూ సరేనని తలూపారు. హర్జితో సార్ మాత్రం ఆమెని అలాగే చూస్తుండిపోయాడు, ఎవరో తన పర్సు తెరిచి చూసినట్టు. ఇక అయిపోయిందనుకుంది వెనింగ్. కానీ చెప్పేశాక కడుపులో గురగుర ఎటు పోయిందో పోయింది. తొక్కల లెక్కలు, తేమ లెక్కలు చెప్పుకుంటూ పోయింది. నలభై నిమిషాలు. ప్రశ్నలు మొదలయ్యాయి. రెండింటికి బాగానే చెప్పింది. మూడోది హర్జితో సార్ అడిగాడు, వర్షాకాలంలో ఈ ఎరువు పనికొస్తుందని నీకెలా తెలుసని. ఆమె నోరు తెరిచేసరికి గది మూల నీలం రేకు తలుపు.

అందరూ ఆమె వైపు చూశారు. మిగతా ఇద్దరిలో ఒకాయనైతే చేత్తో దారి కూడా చూపించాడు, వెళ్ళమ్మా అని. వెనింగ్ కడుపు మీద చెయ్యేసుకుంది. నిశ్శబ్దంగా ఉంది, నిద్రపోయిన పిల్లలా. అప్పుడు హర్జితో సార్‌ని చూసింది. నుదుటి నిండా చెమట. రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి. ఆ పట్టు ఆమెకి తెలుసు. అలా ఎన్ని బల్లలు పట్టుకుందో లెక్కలేదు. ఖాళీ చేసిన ఆ డబ్బా ఆయన ముందే ఉంది, అడుగున ఎర్రటి నూనె. పెట్టింది వద్దనలేకే తిన్నాడు. పెట్టింది తనే.

బయటికి చెప్తే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఇంకా ఎక్కువ పోతుంది. దగ్గరికెళ్ళి వంగి, ఆయనొక్కడికే వినపడేలా అంది.

"సార్, అది నాకోసం రాలేదు. లోపల నీళ్ళున్నాయి, గడియ గట్టిగానే పడుతుంది. జవాబు మీరొచ్చాక చెప్తాను."

ఆయన లేచి వెళ్ళాడు. మిగిలిన ఇద్దరూ ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయని, కిటికీకి తెర మార్చాలని మాట్లాడుకున్నారు. పావుగంటకి ఆయనొచ్చాడు, ముఖం కడుక్కుని, చొక్కా సర్దుకుని. కుర్చీలో కూర్చుని, వర్షాకాలం దగ్గర ఆగాం, అన్నాడు. వెనింగ్ చెప్పింది. రెండు వానాకాలాలు నేలలో పాతిపెట్టి తీసిన నమూనాల లెక్కలు ఆమె దగ్గరున్నాయి. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు, కష్టమైనవే. రెండోదానికి సగమే చెప్పగలిగింది. ఆ సగం చాలన్నారు. పాసైంది.

బయట వరండాలో రెత్నో ఆమెని గట్టిగా వాటేసుకుంది. ఆ రోజు ఆ అమ్మాయి జుట్టు పొడిగా ఉంది. వెనింగ్ గోడకానుకుని చాలాసేపు ఊరికే ఊపిరి పీల్చుకుంది. నాలుగేళ్ళలో మొదటిసారి లోపల ఎవరూ ఏదీ బిగించి పట్టుకుని లేరనిపించింది.

హర్జితో సార్ అందరూ వెళ్ళాక వచ్చాడు. ఆ జబ్బు పేరేమన్నావని అడిగాడు. పదకొండేళ్ళుగా ఆయన అది ఒక్క తనకే ఉందనుకున్నాడు. ఆమె నోట్‌బుక్ చూపించింది, డాక్టర్ తియాస్ ఏ రోజుల్లో ఉంటుందో రాసిచ్చింది.

ఆ రోజు నుంచి పెరటి బాత్రూం ఎక్కువగా ఆయన దగ్గరే ఉంటోంది. పగలు డిపార్ట్‌మెంట్ వెనక, రాత్రి ఆయనింటి పక్కన. తెల్లవారుజామున రెండు గంటలసేపు హాస్టల్‌కొస్తుంది, అమ్మాయిలు గబగబా స్నానాలు కానిచ్చేస్తారు. బు పోనియెం ఏమీ అనదు. దానికెక్కడ పనుంటే అక్కడుంటుంది, అంటుంది.

నిన్న పొద్దున వెనింగ్ ఫోనుకి ఆయన మెసేజ్ పెట్టాడు. డిగ్రీ కాయితాల మీద సంతకాలు పోయిన వారమే పెట్టేశాను, ఇక నాకు భయపడి ఒప్పుకోనక్కర్లేదు, అందుకే ఇప్పుడు అడుగుతున్నానని మొదట్లోనే రాశాడు. ఆయన కూతురు మకస్సార్‌లో ఉంటుంది, సముద్రం దాటి వెళ్ళాలి. మనవరాలికి ఆరేళ్ళొచ్చాయి, ఆయన ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడు ఓడలో వెళ్దామనుకుంటున్నాడు, పదిహేను రోజులు. బాత్రూం వెంట వస్తుందని ఆయనకి తెలుసు. "మీ హాస్టల్ పిల్లలకి ఇబ్బందయితే మొహమాటపడకుండా వద్దని చెప్పు, నేను ఆగిపోతాను," అని ముగించాడు.

ఆ పదిహేను రోజుల్లోనే హాస్టల్లో నలుగురికి ఫైనల్ పరీక్షలు. ఏడుగురికీ ఇంటావిడ బాత్రూం ఒక్కటే మిగులుతుంది. రెత్నో నీ ఇష్టమే అంది, కానీ అలా అంటూ జుట్టు తడుముకుంది. మిగతావాళ్ళూ నీ ఇష్టమే అన్నారు. ఆ ఊళ్ళో నీ ఇష్టమే అంటే సరేననో, వద్దనో, అన్నవాళ్ళకి కూడా తెలీదు.

వెనింగ్ కూర్చుని జవాబు రెండుసార్లు రాసి రెండుసార్లూ చెరిపేసింది. కడుపు నెమ్మదిగానే ఉంది, దాన్ని అడిగినా లాభం లేదు. ఓడ శుక్రవారం బయల్దేరుతుంది. ఇంతవరకూ ఎవరినీ ఏదీ అడగని పిల్ల, అడగడం ఈమధ్యే నేర్చుకుంది కాబట్టి, చదువుతున్న మిమ్మల్నే అడుగుతోంది. ఆయన్ని వెళ్ళమనాలా, ఆగమనాలా? ఆమె స్థానంలో మీరుంటే ఏం రాస్తారు?