కొవ్వు డబ్బా మూత

ఫిలొమిన్ పిన్ని ఉల్లిపాయల బస్తా మళ్ళీ విప్పింది. పొద్దున ఒకసారి విప్పి చూసి కట్టేసింది. కాఫీ తాగి వచ్చి మళ్ళీ చూసింది. ఇప్పుడు బస్తా మొత్తం నేల మీద గుమ్మరించి, ఒక్కొక్క ఉల్లిపాయా తీసి లోపల వేస్తూ పెదవులు కదుపుతోంది.

రేవు చెక్కల మీద కూర్చుని గాలాల కొసన ఉండే ఎదురుముళ్ళను అణగనొక్కుతున్న ఎలియాస్‌కు, తెరిచి ఉన్న వంటపాక తలుపులోంచి ఇదంతా కనిపిస్తూనే ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాడు. చూస్తూ చూస్తూ కటింగ్ ప్లయర్‌తో గాలానికి బదులు బొటనవేలు నొక్కుకున్నాడు.

"ఏరా, మళ్ళీ వేలేనా?" లోపల్నుంచే కేకేసింది పిన్ని. "జాగ్రత్తరా బాబూ. డాక్టర్లొస్తున్నారు గానీ వాళ్ళు పళ్ళ డాక్టర్లు. వేళ్ళు కుట్టడం వాళ్ళకి రాదు."

"అయితే పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటాలే."

"ఉన్న నాలుగూ ఊడగొట్టుకో."

సరస్సు మీద మంచు కరిగి వారం కాలేదు. ఎల్లుండి మధ్యాహ్నం మిన్నెసోటా పళ్ళ డాక్టర్ల జట్టును తీసుకుని ఈ ఏటి మొదటి అతిథుల విమానం నీళ్ళ మీద దిగుతుంది. ఈలోగా బోర్లించిన పడవలు తిరగెయ్యాలి. మోటార్లు ఒక్కొక్కటీ నీళ్ళలో పెట్టి తిప్పి చూడాలి. చలికాలమంతా ఎలుకలు కాపురం చేసిన పరుపులు దులపాలి. మధ్యాహ్నాలు ఒడ్డున చేపలు వేయించుకోవడానికి ఒక్కో పడవకూ ఒక్కో పెట్టెలో పెనం, పిండి, ఉప్పు, బీన్సు డబ్బాలు సర్దాలి. ఇటువైపు రోడ్డన్నది లేదు. మర్చిపోయిన వస్తువు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇన్నేళ్ళలోనూ పిన్ని ఒక్క అగ్గిపెట్టె మర్చిపోయిన పాపాన పోలేదు. క్రీ ఆదివాసుల పల్లె నుంచి వచ్చి ఈ చేపల క్యాంపులో గరిటె పట్టేనాటికి ఆమె జుట్టు ఇంకా నల్లగా ఉండేది. ఇప్పటి యజమాని డార్సీ అప్పట్లో ఆమె ఆప్రన్ పట్టుకుని వేలాడే పిల్లాడు. అక్క కొడుకని ఎలియాస్‌ను ఇక్కడ గైడు పనిలో పెట్టించిందీ ఆమే.

అలాంటి మనిషి ఎల్లుండి అదే విమానం ఎక్కి ఇంటికి వెళ్ళిపోతోంది. మళ్ళీ రాదు. ఎవరూ పొమ్మనలేదు, తనే అడిగింది. "బుర్ర పనిచెయ్యట్లేదు. నిరుడు కొవ్వు డబ్బా మూత మర్చిపోయాను, రేపు గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోతాను. పడుకున్నవాళ్ళని పడుకున్నట్టే కాల్చేస్తాను," అంది. కొత్త వంటమనిషి డాక్టర్లతో పాటే వస్తున్నాడు.

పిన్ని బుర్రకు ఏమీ కాలేదు. ఆ సంగతి ఈ లోకంలో తెలిసినవాడు ఎలియాస్ ఒక్కడే.

జరిగింది ఇది. పోయిన సెప్టెంబరులో, క్యాంపు మూసే రోజు, ఆఖరి జట్టు పట్టిన చేపలన్నీ కోసి శుభ్రం చేశాడు ఎలియాస్. తలకాయలు, పేగులు, ముళ్ళు తొట్టినిండా మిగిలాయి. వాటిని పడవలో వేసుకుని, అవతల నీళ్ళ మధ్యన ఉన్న పక్షుల బండ మీద పారబోసి రావాలి. క్యాంపు పుట్టినప్పటినుంచీ అదే పద్ధతి. అక్కడైతే పక్షులు వాలి చిటికెలో ఖాళీ చేస్తాయి. ఒడ్డున పడేస్తే ఎలుగుబంటిని భోజనానికి పిలిచినట్టే. ఆ రోజు గాలి గట్టిగా ఉంది. చేతులు కొంకర్లు పోతున్నాయి. వంటపాకలో పేకాట మొదలైంది, నవ్వులు వినిపిస్తున్నాయి. అంతే, ఇంకే కారణమూ లేదు. ఎలియాస్ ఆ తొట్టిని, రంపపుపొట్టులో మంచుదిమ్మలు దాచే మంచుకొట్టు వెనక్కి మోసుకెళ్ళి, నాచు కింద గుంట తీసి, అంతా అందులో కుమ్మరించి, పైన ఒక రాయి దొర్లించి, చేతులు తుడుచుకుని పేకాటకు కూర్చున్నాడు. ఆ ఆట గెలిచాడు కూడా.

మే నెలలో క్యాంపు తెరవడానికి వచ్చేసరికి వంటపాక తలుపు ఊడి బయట పడి ఉంది. పొయ్యి బోర్లాపడి, పిండి నేలంతా తొక్కి, గోడల నిండా గోళ్ళ గీతలు. ఆ మధ్యలో పందికొవ్వు దాచే డబ్బా, నాకి నాకి పెట్టినందుకు తళతళలాడుతోంది. దాని మూత ఒక మూల పడి ఉంది, చిన్న సొట్ట కూడా లేకుండా. డార్సీ ఆ మూత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూత పడనట్టుంది ఆంటీ. వాసనకి వచ్చుంటుంది," అన్నాడు మెల్లిగా. కోప్పడినా బాగుండేది.

"పెట్టాన్రా. పిడికిలితో గుద్ది మరీ పెట్టాను," అంది పిన్ని. అని, ఎలియాస్ వైపు తిరిగింది. "క్యాంపు మూసిననాడు నువ్వక్కడే ఉన్నావుగా, కాఫీ కప్పు కడుక్కుంటూ! నేను మూత గుద్దడం చూళ్ళేదూ?"

చూశాడు. పిడికిలి పడిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. కానీ చూశానంటే, మరి ఎలుగుబంటి దేనికొచ్చింది అని డార్సీ వెతకడం మొదలెడతాడు. వెతికితే మంచుకొట్టు వెనక్కి వెళ్తాడు. అక్కడ పెళ్ళగించిన గుంట, చుట్టూ చేప దవడలు ఉన్నాయి. విమానం దిగగానే పరుగున వెళ్ళి చూసిందీ ఎలియాసే. మంచుకొట్టులోంచి రంపపుపొట్టు మోసుకొచ్చి అదంతా కప్పేసిందీ ఎలియాసే.

"గుర్తులేదు పిన్నీ," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది. "పెట్టలేదేమోలే," అంది చివరికి. లెక్కపెట్టడం ఆ రోజు నుంచే మొదలైంది.

డార్సీ ఇప్పుడు తుపాకీ పట్టుకుని రేవు మీదికి వచ్చాడు.

"మళ్ళీ వచ్చిందోయ్. మంచుకొట్టు వెనకాలే తచ్చాడుతోంది. దానికి అక్కడేం నచ్చిందో నాకర్థం కావట్లేదు."

ఎలియాస్ గాలాల మీద నుంచి తలెత్తలేదు.

"గిన్నెలు మోగించాం, టపాసులు కాల్చాం. నేను బూతులు కూడా తిట్టాను. పోయినట్టే పోయి వచ్చి కూర్చుంటోంది. అటవీశాఖ ఆఫీసు వాళ్ళతో ఫోన్లో మాట్లాడాను. జనం దిగకముందే కాల్చెయ్యమన్నారు. ఈ పని నువ్వే చెయ్యాలి, నా గురి సంగతి తెలుసుగా. పోయినసారి మన నీళ్ళ ట్యాంకుకే తగిలింది."

"ఇంకో రెండ్రోజులు తరిమి చూద్దాం."

"ఎల్లుండి డాక్టర్లు దిగుతున్నారయ్యా! అది వాళ్ళకి పళ్ళు చూపించుకోవడానికి రాదు."

ఇక్కడైనా చెప్పి ఉండొచ్చు. చెబుదామనే నోరు తెరిచాడు. మనిషి తిండి మరిగిన ఎలుగుబంటి ఎలాగూ బతకదు, చెప్పినా చెప్పకపోయినా దాని రాత మారదు అని తన లోపలివాడు సర్దిచెప్పాడు. లోపలివాళ్ళు ఎప్పుడూ అంతే, అడక్కుండానే వకాల్తా పుచ్చుకుంటారు. నోటిలోంచి మాత్రం "తూటాలెక్కడున్నాయి?" అన్న మాటే వచ్చింది.

మర్నాడు తెల్లవారాక కాల్చాడు. ముసలి మగ ఎలుగుబంటి. మూతి నెరిసింది, ఒక చెవి సగం లేదు. రంపపుపొట్టును రెండు పంజాలతో వెనక్కి తోస్తూ, ఇంటి పెరట్లో పని చేసుకుంటున్నంత తీరిగ్గా ఉంది. ఎలియాస్ వచ్చిన అలికిడికి తలెత్తి చూసింది. పారిపోలేదు. ఒక్క తూటాకే ఆ గుంట మీదే ఒరిగిపోయింది.

డార్సీ దూరం నుంచి చూసి తాడు తేవడానికి వెళ్ళాడు. ఎలియాస్ తుపాకీ చెట్టుకు ఆనించి నిలబడ్డాడు.

పిన్ని తలకు గుడ్డ కట్టుకుని, పొగాకు సంచి చేతిలో పట్టుకుని వచ్చింది. ఎలుగుబంటి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చిటికెడు పొగాకు నేల మీద పెట్టింది. వాళ్ళ పల్లెలో ఎలుగుబంటిని పేరు పెట్టి పిలవరు, తాత అంటారు.

"తాతా, నన్ను క్షమించు," అంది. "తప్పు నాది. ముసలిదాన్నయిపోయాను, మూత పెట్టడం మర్చిపోయాను. వాసనొస్తే నువ్వేం చేస్తావు, వస్తావు. నా మతిమరుపుకి నీ ప్రాణం పోయింది. కాల్చింది వీడే అయినా వీడి మీద కోపం పెట్టుకోకు. వీడు మంచివాడు, మా అక్క కొడుకు. ఏదన్నా ఉంటే నా మీదే పెట్టుకో, తాతా. ఎలాగూ రేపు వెళ్ళిపోతున్నాను."

"పిన్నీ, ఆపు!"

గొంతు అంత పెద్దగా వస్తుందని అతను అనుకోలేదు. పిన్ని తల తిప్పింది.

"నువ్వు మూత పెట్టావు. గుద్ది పెట్టావు. నేను చూశాను."

"గుర్తులేదన్నావుగా?"

"గుర్తుంది. దాని గోటికి మూత ఓ లెక్కా, ఇట్టే లేచొచ్చుంటుంది. అది కొవ్వు కోసం రాలేదు పిన్నీ." బూటు కాలితో రంపపుపొట్టు పక్కకు నెట్టాడు. కింద నుంచి చేప దవడలు తెల్లగా బయటపడ్డాయి.

పిన్ని ఒక దవడ ఎముక తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆమె ఈ క్యాంపులో పుట్టెడు చేపలు వండింది.

"పక్షుల బండకి పోలేదా?"

"గాలిగా ఉంది."

"గాలిగా ఉంది," అంది ఆమె.

"పేకాట కూడా ఉంది," అన్నాడు ఎలియాస్. ఇక దాచి ఏం లాభం?

ఆమె మొహం ముందు విప్పారింది. "అయితే నేను మూత పెట్టాను," అనుకుంది తనలో తాను, తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరినంత సంతోషంగా. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అతని వైపు చూసింది.

"నేను ఉల్లిపాయలు లెక్కపెడుతుంటే రేవు మీద కూర్చుని చూశావు కదరా."

అతను నొక్కుకున్న బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"రేపు నన్ను విమానం ఎక్కనిచ్చేవాడివి. నా సంచి కూడా నువ్వే మోసేవాడివి."

మోసేవాడే. ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు.

"క్షమించు పిన్నీ."

"నాకెందుకు చెప్తావు? నేనింకా బతికే ఉన్నాను, నాకు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఆయనకి చెప్పు. కూర్చుని చెప్పు."

ఎలియాస్ ఆ నెరిసిన మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సెప్టెంబరు గాలి దగ్గర్నుంచి మొదలుపెట్టి, తొట్టి, గుంట, రాయి, గెలిచిన ఆట, రంపపుపొట్టు, గుర్తులేదన్న మాట, అన్నీ వరసగా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఏడుపు అడ్డొచ్చింది. చెప్పడం అయ్యాక లేచి చూస్తే, తాడు భుజాన వేసుకుని డార్సీ వెనకే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఈ ఏడాది చేపల తొట్టి నీదే," అన్నాడు డార్సీ. "అన్ని పడవలదీ. గాలున్నా, లేకపోయినా."

"సరే."

"ఆంటీ," అని పిన్ని వైపు తిరిగి, టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "ఆ రోజు నేనొక్క మాట నోరు జారాను..."

"కొత్తవాడికి దారి ఖర్చులిచ్చి అదే విమానంలో వెనక్కి పంపించెయ్," అంది ఆమె లేస్తూ. "బానక్ రొట్టె కాల్చడం కూడా వచ్చుండదు వాడికి."

తాత పుర్రెను శుభ్రం చేసి, ఆనవాయితీ ప్రకారం సరస్సు వైపు మొహం ఉండేలా పైన్ చెట్టుకు కట్టారు. మర్నాడు డాక్టర్లు దిగారు. కొత్త వంటమనిషి గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. సాయంత్రం చేపల వేపుడు అయ్యాక, అందరూ బల్లల దగ్గర ఉండగానే పిన్ని పిలిచింది.

"ఏరా ఎలియాస్, ఇట్రా."

పెనంలో మిగిలిన కొవ్వు వడకట్టి డబ్బాలో పోసింది. మూత పెట్టి పిడికిలితో గట్టిగా గుద్దింది.

"మూత పెట్టానా?"

"పెట్టావు పిన్నీ."

"చూశావా?"

"చూశాను."

"ఇక పో."

డాక్టర్లు ఇదేదో వాళ్ళింటి వేళాకోళం అనుకుని నవ్వారు. ఆ తర్వాత రోజూ ఇదే తంతు. ఎలియాస్ పక్షుల బండ నుంచి ఖాళీ తొట్టితో తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, వంటపాక గుమ్మంలో నిలబడి సాక్ష్యం చెప్పేవాడు. ఇది తనకు వేసిన శిక్ష అనుకున్నాడు. అనుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాడు కూడా. శిక్షన్నాక ఏదో ఒక రోజు తీరుతుంది. సీజన్ అయిపోయేసరికి పిన్ని నవ్వేసి, చాల్లేరా అంటుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. అలలు పడవను అడ్డంగా తోస్తుంటే బండ నుంచి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. అందరూ తినేసి ఎవరి గదులకు వాళ్ళు వెళ్ళిపోయారు. నీళ్ళోడుతున్న కోటుతో ఎలియాస్ గుమ్మంలోకి వచ్చాడు. పిన్ని ఒక్కతే, డబ్బా ముందు నిలబడి ఉంది. అరచెయ్యి మూత మీదే ఉంది. ఎంతసేపటినుంచి అలా నిలబడిందో. నవ్వించడానికి అక్కడ ఎవరూ లేరు. ఏడిపించడానికి ఆమెకు ఓపికా లేదు.

"మూత పెట్టానా?" అంది.

"పెట్టావు పిన్నీ. నీ చెయ్యి దాని మీదే ఉంది చూడు."

ఆమె తన చేతి వంక చూసుకుంది. చెయ్యి తియ్యలేదు. మళ్ళీ తలెత్తి, అతను గుర్తులేదన్న రోజు చూసినట్టే అతని మొహంలో దేనికోసమో వెతికింది.

"నిజం చెప్పరా," అంది.